మంచి రక్తం

వెలగకూడని చోట వెలుగుతోంది. కమలాకర్ బాధంతా అదే. ఏడాది దాటింది.

వరంగల్‌లో ఒక ఆసుపత్రి వెనక పాత భవనం ఉంది. దాని పై అంతస్తులో కమలాకర్ పరిశోధన చేసే గౌసియా బేగం గారి ల్యాబ్. కింది హాల్లో తలసీమియా అనే రక్తపు జబ్బున్న పిల్లలకి రక్తం ఎక్కిస్తారు. రెండు మూడు వారాలకోసారి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి, మంచం పక్కన కూర్చుని, పైన వేలాడే సంచి ఖాళీ అయ్యేదాకా చూస్తుంటారు. పై అంతస్తుకి మెట్లెక్కాలంటే ఆ హాల్లోంచే వెళ్ళాలి.

ఆ పిల్లల్లో చాలామందికి డీఎన్ఏలో ఒకే ఒక్క అక్షరం మారిపోయి ఉంటుంది. తల్లి నుంచి వచ్చిన ప్రతిలోనూ తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనూ ఆ అక్షరం తప్పైతే బిడ్డకి జబ్బు. ఒక్క ప్రతిలోనే తప్పు ఉంటే ఏమీ తెలియదు. ఆ మనిషి తన పని తాను చేసుకుంటూ బతికేస్తాడు. అలాంటివాళ్ళిద్దరికి పెళ్ళై పిల్లలు పుట్టినప్పుడే సంగతి బయటపడుతుంది.

అలాంటివాళ్ళని ముందుగానే గుర్తుపట్టడానికి, చిన్న ఊరి ఆసుపత్రిలో కూడా పనికొచ్చేలా, కమలాకర్ ఒక ప్రోబ్ తయారుచేశాడు. తలపిన్నులా మడిచిన చిన్న డీఎన్ఏ పోగు అది. ఒక కొసన మెరిసే రంగు, రెండో కొసన ఆ మెరుపుని నొక్కిపెట్టే పదార్థం. మడిచి ఉన్నంతసేపూ చీకటి. తప్పు అక్షరం ఉన్న వరుస ఎదురైతే మడత విప్పుకుని దాన్ని అంటుకుంటుంది. అప్పుడు వెలుగుతుంది.

జబ్బున్న పిల్లల రక్తంలో నిండుగా వెలగాలి. వాళ్ళ తల్లిదండ్రుల రక్తంలో సగం వెలగాలి. ఏ తప్పూ లేని రక్తంలో చీకటిగా ఉండిపోవాలి.

పిల్లలది నిండుగా వెలిగింది. తల్లిదండ్రులది సగం వెలిగింది. ఏ తప్పూ లేని రక్తం కూడా సగం వెలిగింది.

కంపెనీ నుంచి తెప్పించిన తప్పు లేని డీఎన్ఏ ముక్కలతో పెడితే ప్రోబ్ బుద్ధిగా చీకటిగా ఉండేది. వట్టి నీళ్ళతో పెట్టినా అంతే. అసలు రక్తం దగ్గరికి వచ్చేసరికి మాట వినేది కాదు. కమలాకర్ పోగుని పొట్టి చేశాడు. మడతని గట్టి చేశాడు. రంగు మార్చాడు. మెషీన్‌లో వేడి కాస్త పెంచి చూశాడు, తగ్గించి చూశాడు. ఎన్ని చేసినా ఆ సగం వెలుగు అలాగే ఉంది.

ఫ్రీజర్‌లో కొత్తగా పెళ్ళైన జంటల రక్తం ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో క్యాంపులు పెట్టి, ఒప్పించి తెచ్చినది. దాన్ని ఇంతవరకూ తియ్యలేదు. గౌసియా మేడమ్ ఒక్కటే షరతు పెట్టారు.

"మంచి రక్తం చీకటిగా ఉండేదాకా బయటివాళ్ళ రక్తం ముట్టుకోవద్దు."

ఆ మాటకి ఎదురు చెప్పడానికి ఏమీ లేదు. కానీ రోజూ మెట్లెక్కి రావడం, రోజూ ఆ సగం వెలుగు గీతనే తెర మీద చూడటం అతన్ని లోపల్నుంచి అరగదీసింది. ఒక మధ్యాహ్నం మేడమ్ గదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇది నాతో కాదు మేడమ్. రక్తంలో ఏదో మురికి ఉంది. ఒక్క అక్షరం తేడా పట్టుకునే శక్తి ఈ ప్రోబ్‌కి లేదు. పని చెయ్యలేదనే థీసిస్ రాస్తాను. మీరు సంతకం పెడితే వెళ్ళిపోతాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికో అక్కడికి. ఏదైనా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను."

గౌసియా మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. రిటైర్మెంట్ దగ్గరపడుతోంది. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు ఎక్కి వచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడరు. ఆ రోజు ఇంకా ఆయాసం తీరినట్టు లేదు.

"గీతలు చూపించు బేటా."

అతను లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. రంగు మార్చినప్పటిది, పొట్టి చేసినప్పటిది, గట్టి చేసినప్పటిది. ఆమె ఒక్కొక్కటే నెమ్మదిగా చూశారు. అన్నిటిలోనూ మంచి రక్తం గీత సగం దాకా లేచి ఆగింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"ఆ మంచి రక్తం ఎవరిది?"

"నాదే మేడమ్. మొదట్లోనే ఎక్కువ తీసి దాచిపెట్టుకున్నాను. మళ్ళీ మళ్ళీ ఎవరినో అడుక్కోవడం ఎందుకని."

"పరీక్ష చేయించావా?"

"నాకేం మేడమ్?" అతనికి కొంచెం విసుగొచ్చింది. "మా ఇంట్లో ఈ జబ్బు పేరు కూడా ఎవరికీ తెలియదు. మా తాత తొంభై ఏళ్ళు బతికాడు. ఆఖరి రోజు కూడా కొలిమి దగ్గర కూర్చున్నాడు."

మేడమ్ అతని ముఖం వైపు కాసేపు చూశారు. బల్ల పట్టుకుని లేచి, మెట్ల వైపు నడిచారు.

"ఎక్కడికి మేడమ్?"

"రా."

కింది హాల్లో, పిల్లల మంచాల మధ్య ఉన్న స్టూలు మీద కూర్చుని, నర్సుని పిలిచి కుడిచేతి మీది జాకెట్టు అంచు పైకి లాక్కున్నారు. నర్సుకి నరం దొరకలేదు. ఒకసారి గుచ్చి, తీసి, మళ్ళీ గుచ్చింది. పక్క మంచం మీది పాప తన చేతికున్న సూది మర్చిపోయి ఈమె చేతినే చూసింది. మేడమ్ ఆ పాపని చూసి నవ్వారు.

ట్యూబ్ నిండాక దాన్ని కమలాకర్ చేతిలో పెట్టారు. ఇంకా వెచ్చగా ఉంది.

"ఈసారి నాది పెట్టు."

"దానివల్ల ఏం తేడా వస్తుంది మేడమ్?"

ఆమె దూది నొక్కిపట్టుకుని మళ్ళీ మెట్లెక్కడం మొదలుపెట్టారు.

కమలాకర్ మనసు పెట్టకుండానే పని చేశాడు. రక్తంలోంచి డీఎన్ఏ తీశాడు. అలవాటు కొద్దీ పక్కన తనదీ పెట్టాడు. మెషీన్ మూత వేసి, గడ్డం చేతిలో ఆనించుకుని తెర ముందు కూర్చున్నాడు.

తన గీత ఎప్పటిలాగే సగం దాకా లేచింది.

మేడమ్ గీత లేవలేదు. నేల మీద పడుకున్నట్టు చివరిదాకా అలాగే పోయింది.

ట్యూబులు తారుమారయ్యాయనుకున్నాడు. మర్నాడు మళ్ళీ పెట్టాడు. ఈసారి తన రక్తం కూడా కొత్తగా తీయించుకున్నాడు. ల్యాబ్‌లో తనతో పాటు పనిచేసే ఇద్దర్ని బతిమాలి వాళ్ళదీ తీసుకున్నాడు. ప్రతి ట్యూబు మీదా పేరు రెండుసార్లు చూసుకుని పెట్టాడు.

మేడమ్‌ది చీకటి. మిగతా ఇద్దరిదీ చీకటి. తనది సగం.

చాలాసేపు తెర ముందు నుంచి లేవలేదు. పక్కవాళ్ళు భోజనానికి పిలిచారు. మీరు వెళ్ళండన్నాడు.

అతను వెళ్ళేసరికి గౌసియా మేడమ్ డబ్బా తెరిచి చపాతీ తింటున్నారు. కుర్చీ చూపించారు. అతను కూర్చోలేదు.

"ప్రోబ్ బాగానే ఉంది మేడమ్."

"ఊఁ."

"మొదట్నుంచీ బాగానే ఉంది."

"ఊఁ."

ఆమె ఒక చపాతీ డబ్బా మూతలో పెట్టి అతని వైపు జరిపారు. అతను దాన్ని చూశాడు కానీ ముట్టుకోలేదు. ఏడాది పాటు తను వంకరగా ఉందనుకుని సరిచేస్తూ వచ్చింది ఏమిటో అతనికి ఒక్కొక్కటే అర్థమవుతోంది. నిజం చెబుతున్నదాన్ని పట్టుకుని, అది నోరు మూసుకునేదాకా మార్చాలని చూశాడు.

"నాకేం కాదు కదా మేడమ్," అన్నాడు చివరికి. "సగమే కదా. నా పాటికి నేను బాగానే ఉంటాను."

"బాగానే ఉంటావు."

ఆమె చెయ్యి తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"ఝాన్సీకి ఎన్నో నెల?"

కమలాకర్ అప్పుడు కూర్చున్నాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళేసరికి భార్య ఝాన్సీ బడిలో పాఠాలు చెప్పి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద వాలి ఉంది. మూడో నెల. వేవిళ్ళతో మనిషి వాడిపోయింది. అతన్ని చూసి లేచి కూర్చుంది.

"ఏమైంది? అట్లున్నవేంది?"

అతను దారిలో ఎన్నో రకాలుగా మాటలు కూర్చుకున్నాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. మంచం పట్టె మీద కూర్చుని జరిగింది జరిగినట్టే చెప్పాడు. తను ఒక్క ప్రతిలోనే తప్పున్న క్యారియర్ అని, తనకేం కాదని, ఆమె కూడా క్యారియర్ అయితేనే పుట్టబోయే బిడ్డకి ప్రమాదమని.

ఝాన్సీ అంతా విని అతని ముఖంలోకి చూసింది.

"ఐరన్ గోళీలు ఎన్ని మింగినా నీ పాలిపోయిన ముఖం మారలే. అందుకేనా?"

"అందుకే కావచ్చు."

"మరి నాకుందా?"

"తెల్వదు."

"నువ్వు చేసిందే గదా అది. చూడరాదు?"

ఆమె మామూలుగానే అడిగింది.

పొద్దున్నే ఇద్దరూ కలిసి వచ్చారు. నర్సు ఝాన్సీ రక్తం రెండు ట్యూబుల్లో తీసింది. కమలాకర్ రెండూ పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాడు.

"రెండూ హైదరాబాద్ పెద్ద ల్యాబ్‌కే పంపుదాం మేడమ్. వాళ్ళు డీఎన్ఏ అక్షరాలు చదివి చెప్తారు. ఇక్కడ వద్దు."

"ఒకటి పంపుదాం. రెండోది నువ్వు పెట్టు."

"నాకు భయంగా ఉంది."

మేడమ్ ఫ్రీజర్ వైపు చూశారు.

"అందులో ఉన్నవాళ్ళకి దీన్నే కదా పెడదామనుకున్నావు."

ఆ మాటలో కోపం లేదు. అయినా అతను తలెత్తలేకపోయాడు. గ్లవ్స్ తొడుక్కున్నాడు.

ఎన్ని వందలసార్లు చేసిన పనో అది. ఆ రోజు ప్రతి అడుగూ కాగితం మీద రాసుకుని, చూసుకుంటూ చేశాడు. మేడమ్ ఒక స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. సాయం చెయ్యలేదు. ధైర్యమూ చెప్పలేదు. మెషీన్ తిరుగుతున్నంతసేపూ కిటికీలోంచి బయట ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లని చూస్తూ ఉన్నారు. ఝాన్సీ గోడకి ఆనుకుని కూర్చుని కళ్ళు మూసుకుంది.

జబ్బున్న పిల్లాడి గీత ముందుగా లేచింది. తర్వాత కమలాకర్ గీత లేచి సగంలో ఆగింది.

ఝాన్సీ గీత లేవలేదు. అతను నమ్మలేదు. ఇంకాసేపటికి లేస్తుందేమోనని చూశాడు. మెషీన్ ఆగిపోయింది. గీత కిందనే ఉంది.

"చీకటి మేడమ్," అన్నాడు.

"అల్‌హందులిల్లాహ్," అన్నారు ఆమె, తనలో తను దేవుణ్ణి తలుచుకున్నట్టు.

ఝాన్సీ కళ్ళు తెరిచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చీకటి అంటే మంచిదా చెడ్డదా ఆమెకి తెలియదు. కమలాకర్ వెళ్ళి చెప్పాడు. ఆమె అతని చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని, బడికి టైమవుతోందని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మేడమ్‌కి నమస్కారం పెట్టి వెళ్ళింది.

కమలాకర్ సింకు దగ్గర ముఖం కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద ఐసు పళ్ళెం ఉంది. అందులో కొత్త జంటల ట్యూబుల పెట్టె. మేడమ్ గదిలోకి వెళ్ళిపోయారు.

అతను తుండుతో చేతులు తుడుచుకుని, మళ్ళీ గ్లవ్స్ తొడుక్కున్నాడు.

ఎక్కువమందిది చీకటి. కొందరిది సగం, కానీ వాళ్ళ జోడీది చీకటి. ఒక జంటలో మాత్రం భార్యదీ సగమే, భర్తదీ సగమే. ఆ ఇద్దరి రక్తాన్నీ హైదరాబాద్ పంపారు. ఝాన్సీది ఇక్కడ చూసిందే నిజమని అప్పటికే అక్కడి నుంచి జవాబు వచ్చింది. వీళ్ళ జవాబూ తేడా లేకుండా వచ్చింది.

ఆ జంటని పిలిపించారు. భర్త పేరు యాకయ్య. వరికోత మెషీన్ నడుపుతాడు. భార్య సుకన్య. నర్సంపేట అవతల చిన్న ఊరు. పిల్లలు ఇంకా లేరు. వాళ్ళు కింద ఎదురుచూస్తున్నారని నర్సు వచ్చి చెప్పినప్పుడు కమలాకర్ మేడమ్ గదిలోనే ఉన్నాడు.

"వాళ్ళకి మీరు చెప్తారా మేడమ్?"

"నేనూ వస్తాను. పద."

కింద ఒక చిన్న గది ఇచ్చారు. యాకయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. సుకన్య కొంగు చివర వేళ్ళకి చుట్టుకుంటూ నేల చూస్తోంది. మేడమ్ తలుపు పక్కనున్న బెంచీ మీద కూర్చుని మోకాలు రాసుకుంటున్నారు. మొదలుపెట్టే ఉద్దేశం ఆమెకి లేదని కమలాకర్‌కి తెలిసిపోయింది.

అతను చెప్పాడు. తడబడుతూనే చెప్పాడు. ఇద్దరికీ జబ్బు లేదన్నాడు. ఇద్దరి రక్తంలోనూ ఒక అక్షరం తప్పు ఉందన్నాడు. పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుందని, కడుపు నిలవగానే రెండో మూడో నెలలో వస్తే బిడ్డ సంగతి చూసి చెప్పవచ్చని, అందుకే ఇప్పుడే పిలిపించామని వివరించాడు.

యాకయ్య భార్య వైపు చూడకుండా అడిగాడు.

"ఇది ఎవరి దిక్కు నుంచి వచ్చింది సార్? నా దిక్కు నుంచా, ఆమె దిక్కు నుంచా?"

సుకన్య వేళ్ళు ఆగిపోయాయి.

"ఇద్దరి దిక్కు నుంచి," అన్నాడు కమలాకర్.

"మా దిక్కు ఎవరికీ లేదు సార్. ఇంటికి పోతే మా అమ్మ అడుగుతది. ఏం చెప్పాలె?"

హాల్లో ఎవరో పిల్లాడు నీళ్ళు కావాలని అడుగుతున్నాడు. కమలాకర్ మేడమ్ వైపు చూశాడు. ఆమె మోకాలు రాసుకుంటూనే ఉన్నారు.

అతను బల్ల ఇవతల తన కుర్చీలోంచి లేచాడు. కుర్చీని అవతలికి తీసుకెళ్ళి యాకయ్య పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"నాకూ ఉంది," అన్నాడు.

యాకయ్య తల తిప్పి చూశాడు.

"నీకా సార్?"

"నాకే. మొన్న మొన్ననే తెలిసింది. మా దిక్కు కూడా ఎవరికీ లేదనే అనుకున్న."

సుకన్య మొదటిసారి తలెత్తింది. అతన్ని పరీక్షగా చూసింది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"ఇంటికి పోయి ఎట్ల చెప్పిండ్రు సార్?"

కమలాకర్ చెప్పడం మొదలుపెట్టాడు.

గౌసియా మేడమ్ గోడ పట్టుకుని లేచారు. చప్పుడు కాకుండా బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేసి, మెట్ల వైపు నడిచారు.